రాయిలో సారు వెతికిన గుంపెన

మా బోటనీ సారు పోయారు. ఆ మాట నాకు ఇంటర్ పేపర్లు దిద్దే క్యాంపులో, మధ్యాహ్నం అన్నం క్యారియర్ మూత తీయబోతుండగా తెలిసింది. లోపలికి సెల్‌ఫోన్లు తీసుకుపోనివ్వరు. గేటు దగ్గర అప్పజెప్పినదాన్ని అన్నం వేళకు వెనక్కి తీసుకుని చూస్తే, చిత్తూరు నుంచి అమ్మ చేసిన కాల్స్ వరసగా ఉన్నాయి. అమ్మంటే మా అమ్మ కాదు, సారు భార్య. తిరిగి ఫోన్ చేస్తే ఆమె ఏడవలేదు. "పొద్దున కాఫీ తాగినాడు అమ్మణ్ణీ. గ్లాసు కింద పెట్టినాడు. అంతే" అంది.

కట్టలో మిగిలిన పేపర్లు ఇంకొకరికి అప్పజెప్పి చిత్తూరు బస్సెక్కాను. కిటికీ పక్కన సీటు దొరికింది కానీ దారిలో ఏం చూశానో గుర్తులేదు. ఈమధ్య నాకు అన్నిటికీ అలసటే. ఏడవడానికి కూడా కొంత ఓపిక కావాలని ఆ రోజే తెలిసింది. బస్సు దిగేదాకా నాకు ఏడుపు రాలేదు.

సారు తిరుపతిలో ఒక డిగ్రీ కాలేజీలో చాలాకాలం వృక్షశాస్త్రం చెప్పారు. నేను ఆయన శిష్యురాలిని. ఇప్పుడు రేణిగుంటలో ఒక జూనియర్ కాలేజీలో అదే సబ్జెక్టు చెబుతున్నాను, లేదా చెబుతున్నానని అనుకుంటున్నాను. ఏ పాఠం మొదలుపెట్టినా పిల్లలు "మేడం, ఇది పరీక్షలో వస్తుందా?" అంటారు. రాదంటే పెన్ను మూత పెట్టేస్తారు. వాళ్ళను తిట్టే హక్కు కూడా నాకు లేదు, ఎందుకంటే వాళ్ళడిగేది నిజమే. సారు క్లాసులో మాత్రం అలా అడిగినవాళ్ళు ఎవరూ లేరు. పరీక్షలో ఏం వస్తుందో ఆయనకే సరిగ్గా తెలియదని మాకు గట్టి నమ్మకం.

ఆయన బతుకంతా ఒకే కుటుంబం చుట్టూ తిరిగింది. తన కుటుంబం కాదులెండి, ఆ ముక్క అమ్మ చాలాసార్లు దెప్పింది కూడా. మామిడి కుటుంబం. మామిడి, జీడిమామిడి, నల్లజీడి, సారపప్పు కాసే సార, అడవి మామిడి, గుంపెన, ఇవన్నీ ఒకే ఇంటి చెట్లని ఆయన చెప్పేదాకా మాకు తెలియదు. కొమ్మ తుంచితే సొన కారుతుంది. కొన్నిటిలో అది ఆరితే నల్లబడుతుంది. ఒకప్పుడు బట్టల మీద చెరగని గుర్తులు పెట్టింది నల్లజీడి రసంతోనే.

విచిత్రమేమిటంటే ఆ సొన సారుకు పడదు. చిత్తూరు దగ్గర తోతాపురి తోపులున్న ఇంట్లో పుట్టిన మనిషి, కాయ కోస్తే చాలు, మోచేతుల దాకా బొబ్బలు. కోతల కాలంలో చేతులకు కొబ్బరినూనె పట్టించుకుని, పొడుగు చేతుల చొక్కా గుండీలు పెట్టుకుని క్లాసుకు వచ్చేవారు. "మా నాయన నన్ను తోపులోంచి తరిమేసినాడప్పా. నువ్వు దీనికి పనికిరావు, పోయి సదువుకో అన్నాడు. సదువుకునేదానికి పోతే ఆడా ఇదే పట్టుకునె" అని నవ్వేవారు. నాకైతే ఆ నవ్వులో కాస్త పగ కూడా వినిపించేది. తనను ఒప్పుకోని చుట్టాల పుట్టుపూర్వోత్తరాలన్నీ కూపీ లాగాలన్న పంతం.

పుట్టుపూర్వోత్తరాలంటే ఊరికే అనడం లేదు. ఈ చెట్లలో ఎవరికి ఎవరు దగ్గర, ఎవరు దూరం అన్నది ఇప్పటికీ తేలుతూనే ఉంది. సార చెట్టును చాలాకాలం మామిడి పక్కన కూర్చోబెట్టారు. తర్వాత జన్యువులు చదివి, కాదు, అడవి మామిడి వైపు జరగాలన్నారు. ఆ సంగతి నేనెక్కడో చదివి సారుకు చెప్పినప్పుడు, ఇన్నాళ్ళు నేర్పింది తప్పయిపోయిందని బాధపడతారేమో అనుకున్నాను. ఆయన కాఫీ చల్లార్చుకుంటూ, "వాళ్ళ సంబంధం యాడా మారలా పాపా. మనకు తెలిసింది మారింది, అంతే" అన్నారు.

ఆ కుటుంబం ఎక్కడ పుట్టి ఎటు నడిచిందన్నది ఇంకా పెద్ద చిక్కు. జీడిమామిడి మన దేశానికి ఓడల్లో వచ్చిందని అందరికీ తెలుసు. కానీ దాని కాయ అచ్చు జర్మనీలో ఒక పాత గని పొరల్లో బయటపడింది. ఇప్పుడక్కడ ఆ చెట్టు పెరగనే పెరగదు. మామిడాకును పోలిన ఆకు అచ్చు మన ఈశాన్య రాష్ట్రాల రాతిలో దొరికింది. మనుషులు లేని కాలంలోనే ఈ చెట్లు ఖండాలు దాటి తిరిగాయి. ఇవన్నీ చెప్పి సారు చివరికి తన బీరువా దగ్గరకు వచ్చి ఆగేవారు. ఆ బీరువాలో మామిడి కుటుంబపు అరలో, ఒక అట్టపెట్టెలో ఒక రాయి ఉండేది.

అది అమ్మ పుట్టింటి రాయి. ఆమెది సరిహద్దుకు అవతల, కడలూరు వైపు ఎర్రమట్టి గుట్టల దగ్గరి పల్లె. ఆ మట్టిలో రాయైపోయిన మానులు దొరుకుతాయి. ఎప్పుడో ఏటి వరదలో కొట్టుకొచ్చిన చెట్టు ఇసుకలో పూడుకుపోతుంది. నీళ్ళలో కరిగిన రాతిపదార్థం కణం కణంలోకి చేరుతుంది. కట్టె పోయి, కట్టె ఆకారం మిగులుతుంది. పల్లెవాళ్ళకు అది మామూలు రాయే. వాళ్ళింట్లో స్నానాలగది పక్కన కాళ్ళు రుద్దుకోవడానికి వేశారు. పెళ్ళయిన తొలి దీపావళికి అత్తారింటికి వెళ్ళిన సారు కాళ్ళు కడుక్కుంటూ దాన్ని చూశారు. చూసి, కాళ్ళు కడగడం మరిచి అక్కడే గొంతుక్కూర్చున్నారట.

"మా నాయన అల్లుడికి ఏం కావాలో అడగమన్నాడు. వాచీ అడుగుతాడనుకుంటే కాళ్ళు రుద్దుకునే రాయి అడిగినాడు. పెద్దకూతురు మొగుడు వాచీ, చిన్నకూతురు మొగుడు రాయి. మా అక్క ఇప్పటికీ నవ్వతాది" అని అమ్మ ఇంటికొచ్చిన ప్రతి విద్యార్థికీ చెప్పేది.

సారు ఆ రాయిని గుంపెన అనుకున్నారు. అనుకున్నారు అనే అంటున్నాను, ఎందుకంటే ఆయన ఎప్పుడూ గుంపెనే అని తేల్చి చెప్పలేదు. రాయిని పలచగా కోసి, గాజుపలక మీద గరుకుపొడి వేసి అరగదీసి, వెలుతురు దాని గుండా పారేంత పలచన చేస్తే, సూక్ష్మదర్శినిలో ఒకప్పటి కట్టె కనిపిస్తుంది. కట్టెలో అడ్డంగా పోయే కణాల వరసలుంటాయి. గుంపెన లాంటి చెట్లలో ఆ వరసల మధ్య జిగురు పారే సన్నని గొట్టం ఉంటుంది. అది కనిపించాలి. మామిడిలోనైతే అది లేకున్నా సర్దుకుపోవచ్చు, గుంపెన అనాలంటే అది ఉండి తీరాలి. సారు వయసులో ఉన్నప్పుడు చేతితో కోసుకున్న ముక్క కోణం తప్పింది, మందంగా వచ్చింది. అందులో ఒక్కచోట గుండ్రటి రంధ్రం ఒకటుంది. అది గొట్టమే కావచ్చు, రాయి పొడి రాలిన గుంట కూడా కావచ్చు. అందుకని పెట్టెలో రాయి కింద అతికించిన చీటీ మీద ఆయన "మామిడి కుటుంబం, గుంపెన?" అని రాసి వదిలేశారు.

ఆ ప్రశ్నగుర్తు మీద ఎందరో ఆయనతో వాదించారు. అది తీసేసి వ్యాసం రాస్తే డాక్టరేటు వస్తుందని, ప్రమోషన్ వస్తుందని స్టాఫ్‌రూంలో నా ఎదుటే ఒకాయన అన్నాడు. సారు కోపగించుకోలేదు. "పేరు పెట్టేదానికి తొందరేముండాది సామీ. అది ఇంతకాలం పేరు లేకనే ఉండాది కదా" అన్నారు.

పేర్ల విషయంలో ఆయన భయం ఎలాంటిదో అలిపిరి మెట్ల మీద చూశాను. ఏటా మమ్మల్ని ఆ దారిన నడిపించి చెట్లు చూపించేవారు. అక్కడ ఆకు తుంచే హక్కు మాకు లేదు, చూడటమే. ఒకసారి మెట్ల పక్కన గుంపెన దగ్గర నిలబెట్టి, ఆకులు రాలిన కొమ్మ చివర పూలు ఎలా వేలాడుతున్నాయో చూపిస్తున్నారు. మెట్టు మెట్టుకీ పసుపు కుంకుమ పెట్టుకుంటూ ఎక్కుతున్న ఒక పెద్దామె ఆగి, చేతులు జోడించి, "ఏం సామీ, ఈ మాను మహిమ ఏంది?" అని అడిగింది. సారు కంగారుపడి, "మహిమ తెలీదమ్మా. దీని సుట్టాలు యాడుండారో ఎతకతాండాం" అన్నారు. ఆమెకు అది చాలా గొప్ప మాటలా వినిపించినట్టుంది. గిన్నెలోని పసుపు తీసి చెట్టు మొదలుకు పూసి, బొట్టు పెట్టి, గోవింద కొట్టి వెళ్ళింది. ఆమె వెనక వచ్చినవాళ్ళూ పెట్టారు. మరుసటి ఏడాది మేము వెళ్ళేసరికి చెట్టుకు పసుపు నడుము దాకా వచ్చింది. సారు దాని ముందు నిలబడి, నవ్వాలో వద్దో తెలియక, "సూసినారా? ఒక్క మాట జారితే జనం పసుపు పూసేస్తారు" అన్నారు. మేమంతా పడీపడీ నవ్వాం. తర్వాత్తర్వాత ఆ మాట నన్ను చాలా పేపర్లలో, చాలా మీటింగుల్లో వెంటాడింది.

ఆయన దగ్గర నేను నేర్చుకున్న ఇంకో పద్ధతి చెప్పాలి. ఎండబెట్టిన మొక్కల్ని అట్టలకు అతికించి, మూలన పేరు చీటీ పెడతాం. ఎప్పుడో ఎవరో రాసిన పేరు తప్పని తేలితే, ఆ చీటీని పీకకూడదు, కొట్టేయకూడదు. దాని పక్కనే సరైన పేరుతో కొత్త చీటీ అతికించి, దిద్దినవాళ్ళు సంతకం పెట్టాలి. కొన్ని అట్టల మీద నాలుగైదు చీటీలు వరసగా ఉంటాయి. మా క్లాసులో ఒకమ్మాయి, "తప్పు చీటీ ఎందుకు సార్, చించేస్తే పోలేదా?" అంది. "ఆయన ఆ పేరు రాసిపెట్టినాడు కాబట్టే కదా, అది తప్పని నీకు తెలిసె. ఉండనీ" అన్నారు. అప్పుడది పెద్దగా పట్టించుకోలేదు.

సారు రిటైరై చిత్తూరులో ఇల్లు చేరారు. షుగరు ఆయన కళ్ళను మెల్లగా తినేసింది. చూపు మధ్యలో మబ్బు కమ్మి, అంచుల్లోనే కాస్త వెలుతురు మిగిలింది. ఎదుటి మనిషిని చూడాలంటే పక్కకు తిరిగేవారు. ఈలోగా తిరుపతిలో బోటనీకి పిల్లలు చేరడం మానేశారు. గ్రూపు ఎత్తేశారు, గదిని కంప్యూటర్లకు ఇచ్చారు. అట్టల కట్టలు స్టోర్‌రూంలోకి పోయాయి. రాయి మాత్రం సారు సొంతం కాబట్టి ఇంటికి తెచ్చుకున్నారు. నేను వెళ్ళినప్పుడల్లా, కాఫీ అయ్యాక, కొంచెం సిగ్గుపడుతూ అడిగేవారు, "పాపా, ఇంకొక్క ముక్క కోయించి సూస్తే ఎట్లుంటాది?" అని. అందరికీ పని ఉంది, నాకూ ఉంది. అయినా ఆ మనిషికి మిగిలిన కోరిక అదొక్కటే. ఆ గొట్టం ఉందా లేదా అని తెలిసి పోవాలి.

నిరుడు ఎండాకాలం సెలవుల్లో ఆ రాయి తీసుకుని గ్రానైట్ పాలిషింగ్ షెడ్డుకు పోయాను. బ్లేడు వేసే అతను దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఏంది మేడం, ఇంత సిన్న రాయి? దేవుడి పటం కిందికా?" అన్నాడు. ఈసారి సరైన కోణంలో, రాయి లోపలి భాగం నుంచి, పలచటి బిళ్ళ వచ్చింది. ఇంటి దగ్గర వంటగట్టు మీద గాజుపలక పెట్టుకుని, పొడి వేసి, సాయంత్రాలన్నీ అరగదీశాను. మణికట్టు వాచిపోయింది. మా ఆయన, "చపాతీలైనా చేస్తావా, ఇదే వడ్డిస్తావా?" అన్నాడు. మందం సరిచూసుకోవడానికి మధ్యమధ్య సూక్ష్మదర్శిని కింద పెట్టక తప్పదు. పెట్టినప్పుడల్లా ఆ కణాల వరసలు నా కంట పడుతూనే ఉన్నాయి. చూడనట్టే ఉన్నాను. సారుతో కలిసి చూస్తానని మాటిచ్చాను కదా అని సర్దిచెప్పుకున్నాను.

ఒక ఆదివారం సూక్ష్మదర్శినిని ఒళ్ళో పెట్టుకుని చిత్తూరు పోయాను. అమ్మ నన్ను ముందు వంటింట్లోకి లాగింది. గొంతు తగ్గించి, "అమ్మణ్ణీ, ఆడ ఉన్నా లేకపోయినా ఉండాదనే చెప్పు. ఆయన ఎట్లాగూ సూడలేడు. నా పెండ్లినాటి నుంచి ఎతకతాండాడు" అంది.

"అబద్ధం కదమ్మా" అన్నాను.

"అయితే ఏం? ఆ రాయికి నొప్పి పుడతాదా?"

నిజానికి ఆమె అడిగిందే చేద్దామని కూడా ఒక్క క్షణం అనిపించింది. ఎవరికి నష్టం? ఒక్క మాటంటే ఆయన ముఖం వెలిగిపోతుంది. నేను బస్సెక్కి ఇంటికి పోయి పడుకోవచ్చు.

కిటికీ పక్కన బల్ల మీద సూక్ష్మదర్శిని పెట్టి, దాని కింది అద్దాన్ని వెలుతురుకు తిప్పాను. సారు ఉతికిన చొక్కా వేసుకుని పక్క కుర్చీలో కూర్చున్నారు. ముక్కను ఒక అంచు నుంచి ఇంకో అంచు దాకా, మళ్ళీ ఈ అంచు దాకా జరుపుతూ చూశాను. కణాల వరసలన్నీ ఒంటి వరసలే, దారానికి గుచ్చిన పూసల్లా. గొట్టం కాదు కదా, గొట్టం పట్టే వెడల్పు కూడా వాటికి లేదు. కోణం తప్పిన పాత ముక్కలో ఒంటి వరసలే జంట వరసల్లా కనిపించాయన్నమాట; ఆ గుండ్రటి రంధ్రం పొడి రాలిన గుంటే.

"ఉండాదా పాపా?" అన్నారు సారు.

వంటింటి గడపలో అమ్మ నిలబడి నన్నే చూస్తోంది.

"లేదు సార్" అన్నాను.

"బాగా సూసినావా?"

"ముక్కంతా చూశాను సార్. ఎక్కడా లేదు. వరసలు ఒంటివే."

లోపల గిన్నె గట్టిగా పెట్టిన చప్పుడైంది. సారు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు. తుడుచుకుని, దాన్ని ఒళ్ళో మడత పెట్టి, విప్పి, మళ్ళీ మడత పెట్టారు. ఆయన చేతుల్లోంచి ఏదో లాక్కున్నానని నాకు ఏడుపొచ్చింది. ఆయనకు కనిపించదులే అని కళ్ళు తుడుచుకోలేదు.

"అయితే అది గుంపెన కాదు."

"కాదు సార్."

"సరే. లేనిది చెప్పినావు. ఇంగ ఉండేది ఏందో చెప్పు."

మొదట నాకు అర్థం కాలేదు. ఆయన కుర్చీ దగ్గరకు జరుపుకున్నారు. నీళ్ళు మోసే రంధ్రాలు ఒంటిగా ఉన్నాయా, జతలుగానా? పెద్దవా, చిన్నవా? చుట్టూ మెత్తటి కణాలు ఎట్లున్నాయి? నేను ఒక్కొక్కటి చూసి చెబుతూ పోయాను. ఆయన కళ్ళు మూసుకుని వింటున్నారు. ముప్పావు వంతు చెప్పాక, "రంధ్రాల రెండు పక్కలా ఆ కణాలు రెక్కల్లా సాగి ఉన్నాయి సార్" అన్నాను.

"ఒక రంధ్రం రెక్క పక్కదాని రెక్కతో కలస్తాండాదా?"

"కలుస్తోంది సార్. చాలాచోట్ల."

సారు గట్టిగా నవ్వారు. దగ్గు వచ్చేదాకా నవ్వారు. "మద్ది పాపా, మద్ది! కరక్కాయ కుటుంబం. ఆ మట్టిలో దొరికే రాళ్ళలో శానా మామూలుది అదే. ఎతికి ఎతికి అందరికీ దొరికేదాన్నే పట్టుకున్యా."

ఆ నవ్వులో పంతం లేదు. అలసిపోయి ఇల్లు చేరినవాడి నవ్వు అది. చీటీ రాయమన్నారు. చెప్పింది మీరు కదా, మీ పేరే రాస్తానన్నాను. ఒప్పుకోలేదు. "నేను సూసింది తప్పు. సూసినోళ్ళ పేరే ఉండాల. నా చీటీని కదిలించద్దు, దాని పక్కన అంటించు. నీ చీటీ పక్కన ఇంకొంచెం సోటు ఇడువు."

"ఎందుకు సార్?"

"నువ్వు మాత్రం తప్పు సూసుండవా? నీ తర్వాత ఒకరొస్తారు కదా."

అమ్మ ఆ పూట కాఫీ నాకిచ్చింది కానీ మాట్లాడలేదు. తర్వాత చాలాకాలం నాకు ఫోన్ కూడా చేయలేదు. సారుతో మాట్లాడాలంటే నేనే చేసేదాన్ని. ఆయన మళ్ళీ రాయి మాట ఎత్తలేదు. తోపులో పూత ఎట్లుందని, మా కాలేజీలో పిల్లలెట్లున్నారని అడిగేవారు.

ఆ రోజు క్యాంపు నుంచి నేను వెళ్ళేసరికి సారును హాల్లో పడుకోబెట్టారు. అన్నీ అయ్యాక, జనం పలచబడ్డాక, అమ్మ నా పక్కన వచ్చి కూర్చుంది. "నువ్వు నేను చెప్పినట్టు చెప్పుంటే నాకు బాగుండు. ఆయనకు బాగుండేది కాదేమో. ఆ దినం నుంచి నెమ్మదిగా ఉండినాడు. అయినా నాకు కోపం పోలా అమ్మణ్ణీ" అంది. పోకపోయినా ఫరవాలేదన్నాను. "ఇంత తిని పో, బస్సుకు టైముంది" అని విస్తరి వేసింది. దినాలు అయిపోయాక మళ్ళీ వెళ్ళినప్పుడు పెట్టెను తెచ్చి నా చేతుల్లో పెట్టింది. ఇక్కడ దీన్ని ఎవరు చూస్తారంది.

అది ఇప్పుడు మా ఇంట్లో, నేను పేపర్లు దిద్దే బల్ల మీద ఉంది. పరీక్షల పని అయిపోయింది, కొత్త పిల్లలు చేరారు. హాజరు పిలుస్తూ ఒక్కొక్క ముఖం చూస్తాను. వీళ్ళలో నా తప్పు పట్టేవాళ్ళు ఎవరైనా ఉంటారా అని. "మేడం, ఇది వస్తుందా?" అంటారు. ఇంటికొచ్చి పెట్టె మూత తీస్తాను. సారు చీటీ పసుపెక్కింది, సిరా చెదిరినా ప్రశ్నగుర్తు మాత్రం నిలిచే ఉంది. నాది ఇంకా తెల్లగా ఉంది. దాని పక్కన, రెండు వేళ్ళ వెడల్పున, ఏమీ అంటించని అట్ట.